పాతర

మెట్ట ఊళ్లలో వెనకటి ఇళ్ల ముంగిట పాతర ఉండేది. నేలలో నిలువు లోతు గొయ్యి తవ్వి, అడుగునా పక్కలా గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన బండ మూసి మట్టి మెత్తేవారు. పైనుంచి చూస్తే అక్కడేమీ ఉన్నట్టు ఉండదు. పిల్లలు దాని మీదే గోలీలాడతారు, కోళ్లు దాని మీదే తిరుగుతాయి. తెరిచేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త ఉంది. మూత తీసిన వెంటనే ఎవరూ లోపలికి దిగరు. మూసిపెట్టిన గింజల్లో పుట్టిన గాలి మనిషిని చంపేస్తుంది. కాసేపు అలా వదిలేసి, తాడుకు దీపం కట్టి లోపలికి దించుతారు. దీపం ఆరకుండా నిలబడితేనే మనిషి దిగుతాడు.

పాతర ఉన్న రైతు మాటతీరే వేరు. కల్లం దగ్గరికొచ్చిన షావుకారు చెప్పిన ధర నచ్చకపోతే, "ఇప్పుడు తియ్యనులే, ఉగాది వెళ్లాక చూద్దాం" అనగలిగేవాడు. అంతకుమించి అతని చేతిలో ఏ ఆయుధమూ లేదు. వాన అతని మాట వినదు, బజారూ వినదు. ఆగడం ఒక్కటే అతనికి తెలిసిన బేరం.

ఆ మాటకు తెలుగులో ఇంకో వాడుక కూడా ఉంది. దేన్నయినా మళ్లీ పైకి రాకుండా పూడ్చేస్తే 'పాతరేశారు' అంటాం. గింజను దాచే గొయ్యికీ, మనిషిని పూడ్చే గొయ్యికీ మన భాష ఒకే పేరు పెట్టింది. మనలాగే నల్లరేగడి దున్నుకుని బతికిన రష్యా, ఉక్రెయిన్ రైతులు మొదటి అర్థం నుంచి రెండో అర్థంలోకి జారిపోవడానికి అయిదారేళ్లు పట్టింది. సర్కారుతో వాళ్ల తగవు మొదలైంది ధర దగ్గర.

*

1917లో ఆ రైతు దొరల భూములు పంచుకున్నాడు. తాతల నాటి కోరిక తీరిందనుకునే లోపే అంతర్యుద్ధం వచ్చింది. తుపాకులు పట్టుకొచ్చిన దళాలు గింజలు ఊడ్చుకుపోయాయి. టాంబోవ్ ప్రాంతపు రైతులు తిరగబడ్డారు. ఆ మంట చూసి 1921 మార్చిలో లెనిన్ ప్రభుత్వం ఒక అడుగు వెనక్కి వేసింది. పన్నుగా ఇంత కట్టు, మిగిలింది ఎవరికి అమ్ముకుంటావో నీ ఇష్టం అంది. ఆ మాట ఊళ్లకు చేరేసరికే వోల్గా తీరాన కరువు పడింది. ఆ కరువులో 50 లక్షల దాకా చనిపోయారని అంచనా.

బతికినవాళ్లు మళ్లీ నాగలి పట్టారు. ఆ తర్వాతి అయిదారేళ్లు ఆ పల్లెలకు మంచి కాలం. రెండున్నర కోట్ల చిన్న చిన్న కమతాలు. చాలా ఇళ్లకు ఒక గుర్రం, ఒకటో రెండో ఆవులు. ఊరి సంగతులు తేల్చుకోవడానికి ఊరి సభ ఉండేది, దాన్ని 'స్ఖోద్' అనేవారు. మన రచ్చబండ లాంటిదే. గుడి గంట మోగితే పండగో, చావో, నిప్పంటుకుందో గంట తీరును బట్టే తెలిసిపోయేది. పార్టీ సిద్ధాంతకర్త బుఖారిన్ 1925 ఏప్రిల్‌లో రైతులను బాగుపడండి, కూడబెట్టుకోండి అని బహిరంగంగానే ప్రోత్సహించాడు. రైతు బక్కగుర్రం మీద నింపాదిగానైనా సోషలిజం చేరవచ్చన్నది అతని లెక్క.

ఒక చిక్కు మాత్రం తీరలేదు. ఫ్యాక్టరీ సరుకు ప్రియం, పంట చవక. 1923లో ట్రాట్‌స్కీ పార్టీ మహాసభలో ఒక పటం చూపించాడు. ఎక్కుతున్న సరుకుల ధర ఒక గీత, దిగుతున్న పంటల ధర ఒక గీత. రెండూ కలిపి చూస్తే నోరు తెరిచిన కత్తెరలా ఉంది. అప్పటినుంచి దాని పేరే కత్తెర సంక్షోభం. మేకులు, కిరసనాయిలు, జోళ్లు, గుడ్డ కొనబోయిన రైతు ఆ రెండు అంచుల మధ్యా పడ్డాడు. తర్వాత అంచులు కాస్త దగ్గరైనా కత్తెర మూసుకుపోలేదు.

1926, 1927 సంవత్సరాల్లో సర్కారు ధాన్యం ధరను ఇంకా దించింది. పట్నాలకు చవకగా రొట్టె కావాలి, ఫ్యాక్టరీలకు విదేశీ యంత్రాలు కావాలి, ఆ యంత్రాలకు ధాన్యం ఎగుమతి చేస్తేనే డబ్బు. 1927 మే నెలలో బ్రిటన్ తెగతెంపులు చేసుకోవడంతో యుద్ధం వస్తుందన్న భయమూ తోడైంది. ఆ ప్రభుత్వం నెత్తిన నిజంగానే బరువు ఉంది. ఆ బరువు ఎవరి వీపు మీదికి మార్చారన్నదే ఈ విషాదానికి మూలం.

ఆ శరత్కాలంలో రైతు ఏం చేశాడో చెబితే మన పల్లెల్లో ఎవరూ ఆశ్చర్యపోరు. లెక్క వేసుకున్నాడు. ధాన్యం అమ్మితే వచ్చే డబ్బుతో కొనడానికి అంగట్లో సరుకు లేదు. పన్ను కట్టడానికి మాంసమో, అవిసె నారో అమ్మితే చాలు, వాటికి ధర నయంగా ఉంది. యుద్ధం వస్తుందంటున్నారు, గింజ ఇంట్లో ఉంటే నయం. కొంత పశువులకు మేపాడు, కొంత ప్రైవేటు వ్యాపారికి అమ్మాడు, మిగతాది గాదెలో ఉంచుకున్నాడు. ఎవరూ జెండా ఎత్తలేదు, నినాదం ఇవ్వలేదు. కోట్లమంది ఒకరితో ఒకరు చెప్పుకోకుండానే ఆగారు.

1927 జనవరి మొదటికి సర్కారు సేకరించిన ధాన్యం సుమారు 70 లక్షల టన్నులు. ఏడాది తిరిగేసరికి అది 50 లక్షల టన్నులకు కూడా చేరలేదు. ధర పెంచితే గాదెలు తెరుచుకుంటాయని చెప్పిన ఆర్థికవేత్తలు ఉన్నారు. ఆ మాట వినదలచుకోని మనిషి రైలెక్కాడు.

*

1928 జనవరి 15న స్టాలిన్ మాస్కో నుంచి సైబీరియా బయల్దేరాడు. నోవోసిబిర్స్క్, బర్నావుల్, రుబ్త్సోవ్స్క్, ఓమ్స్క్, క్రాస్నోయార్స్క్ మీదుగా సాగిన ఆ ప్రయాణం మూడు వారాలు పట్టింది. అక్కడ పంట బాగానే పండింది, సేకరణే సాగడం లేదు. స్థానిక అధికారులను కూర్చోబెట్టి దులిపేశాడు. మీ ప్రాసిక్యూటర్లు, జడ్జీలు కులాక్‌ల ఇళ్లలో తిని, కులాక్‌ల ఇళ్లలో పడుకుంటున్నారని ఎత్తిపొడిచాడు. క్రిమినల్ చట్టంలోని 107వ నిబంధన ప్రయోగించమన్నాడు. సరుకు దాచి కృత్రిమంగా ధర పెంచే వ్యాపారుల కోసం పెట్టిన నిబంధన అది. మూడేళ్ల దాకా జైలు, ఆస్తి జప్తు. దాన్ని తీసుకెళ్లి, తాను పండించిన గింజను తన ఇంట్లో ఉంచుకున్న రైతు మీద పెట్టారు. జప్తు చేసిన ధాన్యంలో పావువంతు ఊళ్లోని పేదలకు ఇస్తామన్నారు. పక్కింటివాడి గాదె ఎక్కడుందో చెప్పినవాడికి తిండి దొరికే ఏర్పాటు అది.

ఆ రోజున ఒక మాటకు అర్థం మారింది. అంతవరకు అమ్మకపోవడం బేరం. ఆనాటి నుంచి అమ్మకపోవడం నేరం.

'కులాక్' అన్నదీ అలా మారిన మాటే. రష్యన్‌లో దానికి అర్థం పిడికిలి. వెనక వడ్డీలు పిండే ఊరి ఆసామిని అలా తిట్టేవారు. ఇప్పుడు రెండు ఆవులున్నవాడు, పంట రోజుల్లో ఒక కూలీని పెట్టుకున్నవాడు, ఇంటికి ఇనుప రేకు వేయించుకున్నవాడు, అందరూ పిడికిలే. ఏమీ లేని పేదవాడు కూడా ఎదురు చెబితే అతనికి ఇంకో పేరు సిద్ధంగా ఉంది. కులాక్ తొత్తు.

సైబీరియా నుంచి గింజలు కదిలాయి. బెదిరిస్తే గాదె తెరుచుకుంటుందని మాస్కో నేర్చుకుంది. బెదిరిస్తే మరుసటి ఏడు తక్కువ విత్తుతారని మాత్రం నేర్చుకోలేదు. స్టాలిన్ ఊళ్ల వైపు వెళ్లడం అదే ఆఖరిసారి అని 1956లో క్రుశ్చేవ్ తన రహస్య ప్రసంగంలో దెప్పిపొడిచాడు. ఆ తర్వాత పాతికేళ్లు ఆయన రైతును కాగితాల మీదే చూశాడు.

1928 జులైలో కేంద్ర కమిటీ సమావేశం జరిగింది. ఉన్న సంగతిని స్టాలిన్ అక్కడ దాపరికం లేకుండా చెప్పాడు. రైతు మామూలు పన్నులు కడుతున్నాడు. అది చాలక కొనే సరుకుకు ఎక్కువ పెడుతున్నాడు, అమ్మే పంటకు తక్కువ తీసుకుంటున్నాడు. ఇది కప్పం లాంటిదే, పరిశ్రమలు నిలబడేదాకా తప్పదు అన్నాడు. ఆయన వాడిన మాట 'దాన్'. ఒకనాడు మంగోలు ఖాన్‌లకు రష్యన్లు కట్టిన కప్పానికి అదే పేరు. బుఖారిన్ భగ్గుమన్నాడు. ఇది రైతు మీద సైనిక, భూస్వామ్య తరహా దోపిడీ అన్నాడు. ఆ వేసవిలో ధాన్యం ధర కొంచెం పెంచారు కూడా. అప్పటికి అది చాలలేదు. ఒకసారి జప్తు చూసిన రైతు మళ్లీ సర్కారు మాట నమ్మలేదు, జప్తు రుచి చూసిన సర్కారుకు ధర మాట రుచించలేదు. ఆ కప్పం ప్రసంగం అచ్చు కావడానికి మాత్రం 21 ఏళ్లు పట్టింది.

*

ఆ దేశంలో రైతును నిజంగా చదివినవాళ్లు ఇద్దరున్నారు. ఒకరు అలెగ్జాండర్ చయనోవ్. రైతు కుటుంబం లాభం లెక్కతో నడిచే కంపెనీ కాదని, ఇంట్లో ఎన్ని నోళ్లున్నాయి, ఎన్ని చేతులున్నాయి, ఒళ్లు ఎంత అలవగలదు అన్న తూకంతో నడుస్తుందని చెప్పాడు. ఇంకొకరు నికొలాయ్ కొంద్రాత్యెవ్. మార్కెట్ ధరల ఎగుడుదిగుళ్లను లెక్కకట్టిన మనిషి, వ్యవసాయాన్ని ఎండగట్టి పరిశ్రమను పెంచలేమని వాదించిన మనిషి. 1930లో ఇద్దరినీ అరెస్టు చేశారు. ఎక్కడా లేని 'శ్రామిక రైతు పార్టీ' ఒకటి కల్పించి అందులో సభ్యులన్నారు. చయనోవ్‌ను 1937లో, కొంద్రాత్యెవ్‌ను 1938లో కాల్చి చంపారు. బుఖారిన్‌నూ అదే 1938 మార్చిలో కాల్చారు. వీళ్లు నిర్దోషులని తేల్చడానికి ఆ రాజ్యానికి అర్ధ శతాబ్దం పట్టింది.

ఈలోగా ఊళ్లలో కొత్త పద్ధతి దిగింది. పేరు ఉరల్-సైబీరియా పద్ధతి. పైనుంచి వచ్చిన కోటాను ఊరే తనంతట తాను విధించుకున్నట్టు స్ఖోద్‌లో చేతులెత్తించేవారు. చేయి ఎత్తేదాకా సభ ముగియదు. అలా కోటా పడ్డ ఇల్లు కట్టలేకపోతే కట్టాల్సినదానికి అయిదు రెట్ల దాకా జరిమానా. 1929 జూన్‌లో దాన్ని చట్టంలోకీ ఎక్కించారు. జరిమానా కట్టలేనివాడి ఆవును, గుర్రాన్ని, టీ కాచుకునే సమోవార్‌ను, దిండును కూడా వేలం వేసేవారు. కొనేది పక్కింటివాళ్లే. తరతరాలుగా ఊరిని ఊరిగా నిలబెట్టిన రచ్చబండనే ఊరి మెడకు ఉరితాడుగా పేనారు.

1928, 29 సంవత్సరాల్లో బయటి బజారులో ధాన్యం సర్కారు ధరకు రెట్టింపూ ఆపైనా పలికింది. ఆ తేడాయే రైతు నేరానికి సాక్ష్యమైంది. 1929 డిసెంబరు 27న స్టాలిన్ చివరి మాట చెప్పాడు. కులాక్‌లను ఒక వర్గంగా నిర్మూలించాలి. నెల తిరిగేసరికి లెక్కలు తయారయ్యాయి. మొదటి తరగతి కింద 60 వేలమందిని శిబిరాలకు పంపాలి, అందులో ఎదురు తిరిగేవాళ్లను కాల్చేయాలి. రెండో తరగతి కింద లక్షన్నర దాకా కుటుంబాలను దూరప్రాంతాలకు తోలాలి. రెండేళ్ల కిందట ఊరికి ఇన్ని గింజలని కోటా వచ్చేది. ఇప్పుడు ఊరికి ఇంతమంది మనుషులని కోటా వచ్చింది. గింజల కోటాలాగే దాన్ని కూడా మించి చేసి చూపించారు. 1930, 31 రెండేళ్లలో 18 లక్షలమందిని పశువుల పెట్టెల్లో ఎక్కించి ఉత్తరపు అడవులకు, ఉరల్‌కు, సైబీరియాకు, కజకిస్తాన్‌కు తరలించారు. చలికాలంలో, పసిపిల్లలతో.

మిగిలినవాళ్లను సమిష్టి క్షేత్రాల్లోకి, అంటే కొల్ఖోజ్‌ల్లోకి తోలారు. భూమి, గుర్రం, నాగలి, విత్తనం అన్నీ అప్పగించాలి. పార్టీ పొట్టిపేరు రష్యన్‌లో 'వి.కె.పి.' ఆ మూడు అక్షరాలనూ రైతులు తమ మాటల్లో విప్పుకున్నారు. రెండో వెట్టి అని అర్థం వచ్చేలా. 1861లో పోయిన వెట్టి మళ్లీ వచ్చిందని వాళ్ల గోడు.

ఊళ్లు ఊరికే లొంగలేదు. 1930 ఒక్క ఏడాదిలో 13 వేలకు పైగా తిరుగుబాట్లు, గుమిగూడి అడ్డుకున్న ఘటనలు జరిగాయని రహస్య పోలీసుల లెక్కే చెబుతోంది. పాతిక లక్షలమంది వాటిలో దిగారు. చాలాచోట్ల ముందు నడిచింది ఆడవాళ్లు. మగవాడు నోరెత్తితే కాల్చేస్తారు, ఆడవాళ్ల మీదికి తుపాకి ఎత్తడానికి కాస్త జంకుతారు. ఆ జంకునే వాళ్లు డాలుగా పట్టుకున్నారు. గుడి గంట మోగించి, పంగలకర్రలతో, చీపుళ్లతో వచ్చి విత్తనపు గాదెల తాళాలు పగలగొట్టి ఎవరి గింజలు వాళ్లు తెచ్చుకున్నారు. గంటలను దించి కరిగించడానికి సర్కారు తొందరపడడంలో మతద్వేషం ఎంతో ఈ భయమూ అంత. 1930 మార్చి 2న స్టాలిన్ పత్రికలో వ్యాసం రాశాడు. విజయాలతో కింది కార్యకర్తలకు తల తిరిగిందని నింద వాళ్ల మీదికి నెట్టాడు. అప్పటికి సగానికి పైగా కుటుంబాలు కొల్ఖోజ్‌లో ఉన్నాయి. వ్యాసం చదివి జనం తిరిగి ఇంటికి నడిచారు, వేసవికి పావువంతే మిగిలారు. రైతు గెలిచినట్టే కనిపించింది. అది ఊపిరి తీసుకోవడానికి రాజ్యం తీసుకున్న విరామం.

వాళ్లు చేసిన ఇంకో ఎదిరింపు తలచుకుంటే గుండె పట్టేస్తుంది. ఎలాగూ పట్టుకుపోతారని పశువులను కోసుకు తిన్నారు. అప్పగించిన గుర్రాలు కొల్ఖోజ్ కొట్టాల్లో మేత లేక, చూసే దిక్కు లేక చచ్చాయి. 1929లో 3 కోట్ల 40 లక్షల గుర్రాలు ఉండేవి. 1933కి కోటీ 66 లక్షలు మిగిలాయి. ఆవులు, ఎద్దులు దాదాపు 7 కోట్ల నుంచి 4 కోట్ల లోపుకు వచ్చాయి. ఇవి స్టాలినే 1934 పార్టీ మహాసభలో చెప్పిన అంకెలు. పేరు పెట్టి పిలుచుకున్న పశువును తన చేత్తో కోసుకున్న రైతు ఆ రాత్రి ఏం తిన్నాడో, ఎలా తిన్నాడో మన పల్లెల్లో పుట్టినవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

*

1931లో వానలు సరిగ్గా పడలేదు. 1932లో దున్నే గుర్రం లేదు, విత్తే ఉత్సాహం లేదు, పంట తగ్గింది. కోటా మాత్రం ఆ నేలలు మోయలేనంత బరువుగానే ఉంది. 1930లో 48 లక్షల టన్నులు, 1931లో 50 లక్షల టన్నులకు పైగా ధాన్యం విదేశాలకు పోయింది. 1932, 33 సంవత్సరాల్లో తగ్గినా ఎగుమతి ఆగలేదు.

1932 ఆగస్టు 7న ఒక చట్టం వచ్చింది. కొల్ఖోజ్ పొలంలో గింజ దొంగిలిస్తే మరణశిక్ష, కనికరం చూపితే పదేళ్లు. మన పల్లెల్లో కోత అయిపోయాక చేలో రాలిన వెన్నులు ఏరుకోవడాన్ని పరిగె అంటాం. పరిగె పేదల హక్కు, పిట్టల హక్కు. ఎంత పిసినారి ఆసామి అయినా పరిగె ఏరుకునే ముసలమ్మను చేలోంచి తరమడు. అక్కడి జనం ఈ చట్టానికి పెట్టుకున్న పేరు వెన్నుల చట్టం. తెలుగులో చెబితే పరిగె చట్టం. వేలమందికి మరణశిక్షలు పడ్డాయి, ఎన్నో రెట్లమంది శిబిరాలకు పోయారు.

ఆ శీతాకాలం ఉక్రెయిన్ ఊళ్లలో ఇళ్లిళ్లూ సోదా దళాలు తిరిగాయి. వాళ్ల చేతుల్లో పొడవాటి ఇనుప చువ్వలుండేవి. పెరట్లో, కొట్టంలో, పొయ్యి పక్కన, ఊయల కింద నేలలో గుచ్చి చూసేవారు. చువ్వ మెత్తగా దిగితే అక్కడ ఈ మధ్య తవ్వినట్టు. గొయ్యిని వాళ్ల భాషలోనూ, రష్యన్‌లోనూ 'యామ' అంటారు. మన చెవికి ఆ పేరు వేరేలా తగులుతుంది. కోటా కట్టలేని ఊళ్ల పేర్లు నల్ల బోర్డుల మీదికెక్కాయి. అలా ఎక్కిన ఊరికి ఉప్పు రాదు, అగ్గిపెట్టె రాదు, కిరసనాయిలు రాదు. గింజలు లేవంటే మాంసం జరిమానా, అంటే మిగిలిన ఒక్క ఆవు కూడా.

ఊరు వదిలి పోదామంటే దారి మూశారు. 1933 జనవరి 22న స్టాలిన్, ప్రధాని మొలొతోవ్ సంతకాలతో ఆదేశం వెళ్లింది. ఉక్రెయిన్ నుంచి, కుబాన్ ప్రాంతం నుంచి రైతులను బయటికి కదలనివ్వొద్దు. నెలన్నరలో రెండు లక్షలమందికి పైగా పట్టుబడ్డారు. చాలామందిని పట్టుకున్న చోటి నుంచి ఆకలి ఊళ్లకే తిరగ్గొట్టారు. తోర్గ్‌సిన్ అనే సర్కారు దుకాణాల్లో మాత్రం పిండి దొరికేది. వెండి, బంగారం ఇస్తే. పెళ్లి ఉంగరాలు, మెడలో సిలువలు ఇచ్చి పిండి తెచ్చుకున్నారు. పుస్తెలమ్ముకోవడం అంటే ఏమిటో ఎరిగిన మనకు ఆ క్యూలో నిలబడ్డ మనిషి ముఖం ఊహకందుతుంది.

ఉక్రెయిన్‌లో 35 లక్షల నుంచి 39 లక్షలమంది చనిపోయారని జనాభా శాస్త్రవేత్తల అంచనా. కజకిస్తాన్‌లో సుమారు 15 లక్షలు. అక్కడ పశువులు తోలుకుంటూ బతికే కజాఖ్‌ల నుంచి మందలు లాక్కున్నాక వాళ్లకు మిగిలింది ఎడారే. వోల్గా, కుబాన్, డాన్ తీరాలూ కలిపితే దేశమంతటా 50 లక్షలకు పైనే. గోధుమ పండించినవాళ్లు గోధుమ లేక చచ్చారు. మోసుకుపోవడానికి బలమున్నవాళ్లు లేని ఊళ్లలో శవాలను ఉమ్మడి గుంతల్లో వేశారు. చువ్వతో వెతికిన నేలల పక్కనే మళ్లీ గోతులు తవ్వారు. ఈసారి వాటిలో గింజలు లేవు.

డాన్ తీరపు రచయిత షోలొఖోవ్ తన జిల్లాలో ధాన్యం కోసం మనుషులను ఎలా హింసించారో 1933 ఏప్రిల్‌లో స్టాలిన్‌కు ఉత్తరాలు రాశాడు. జవాబుగా జిల్లాకు కొంత ధాన్యం వచ్చింది. ఒక ఉత్తరమూ వచ్చింది. మీరు ఒక పక్కే చూశారు, ఆ గౌరవనీయులైన రైతులు సోవియట్ ప్రభుత్వం మీద చప్పుడు లేని యుద్ధం చేస్తున్నారు అన్నది దాని సారాంశం. చచ్చిపోతున్న మనిషి మౌనంలో కూడా ఆయనకు ఆ పాత మాటే వినిపించింది. 'ఇప్పుడు అమ్మను.'

*

తర్వాత చప్పుడు లేదు. బ్రిటిష్ విలేకరి గారెత్ జోన్స్ 1933 మార్చిలో ఖార్కివ్ వైపు ఊళ్ల వెంట నడిచి వెళ్లి, ఇంటింటా రొట్టె లేదన్న మాటే విని, బయటికొచ్చి చెప్పాడు. మాస్కోలో అమెరికన్ పత్రికకు పనిచేసే పేరున్న విలేకరి వాల్టర్ డ్యురాంటీ రెండు రోజుల్లో దాన్ని కొట్టిపారేశాడు. 1934లో స్టాలిన్ జనాభా 16 కోట్ల 80 లక్షలకు పెరిగిందని ప్రకటించాడు. 1937 జనవరిలో జనగణన చేస్తే 16 కోట్ల 20 లక్షలే తేలారు. ఆ లెక్కను మూసేశారు, లెక్కపెట్టిన నిపుణులను అరెస్టు చేశారు, కొందరిని కాల్చారు. పాతరలోకి దీపం దించినవాళ్లనే ముందు ఆర్పేశారన్నమాట.

ధర తగవు కూడా ముగిసింది. 1933 నుంచి ధాన్యం ఇవ్వడం పన్ను కట్టడంతో సమానమైన విధి. సర్కారు ఇచ్చే ధర 1953 తర్వాత గానీ చెప్పుకోదగ్గట్టు పెరగలేదు. 'ఇప్పుడు అమ్మను' అనగల మనిషి ఆ దేశంలో లేకుండా పోయాడు. ఎద్దేడ్చిన ఎవుసం, రైతేడ్చిన రాజ్యం బాగుపడవని మన సామెత. సామెతలు ఓదార్పు కోసం తొందరపడతాయి. రైతేడ్చాక కూడా ఆ రాజ్యం బాగానే వెలిగింది. ఉక్కు పోసింది, హిట్లర్‌ను ఓడించింది, అంతరిక్షానికి మనిషిని పంపింది. అయితే 1963 నాటికి, లోకానికి గోధుమలమ్మిన ఆ నల్లరేగడి దేశం కెనడా దగ్గర గోధుమలు కొనుక్కుంది. ఆ తర్వాత అది పోయేదాకా కొంటూనే ఉంది. ట్రాక్టర్లున్నాయి, ఎరువులున్నాయి. చేను తనదని తెల్లవారకముందే లేచే మనిషి లేడు.

మన ఇళ్లలో ఇదంతా తెలియని రోజులున్నాయి. 'సోవియట్ భూమి' పత్రిక నిగనిగలాడే కాగితాలతో బడి పుస్తకాలకు అట్టలేసుకున్న తరం మనది. ఆ అట్టల మీద గోధుమ చేలు, నవ్వే ఆడవాళ్లు, వరసగా కదిలే కోత యంత్రాలు. వింత ఏమిటంటే, ఆ చేల వైపు ఆశగా చూసినవాళ్లే ఇక్కడ అదే అన్యాయాన్ని ఎదిరించారు. యుద్ధకాలంలో నిజాం సర్కారు ఎకరానికి ఇంతని లెవీ ధాన్యం వసూలు చేసింది. దేశ్‌ముఖుల గరిసెల జోలికి పోలేదు. చిన్న రైతు తిండిగింజలు ఊడ్చి ఇచ్చాడు, చాలకపోతే బజారులో ఎక్కువకు కొని తక్కువకు సర్కారుకిచ్చాడు. ఆకునూరులో లెవీ గొడవ పోలీసుల అత్యాచారాల దాకా వెళ్లింది. లెవీ ఇయ్యం అని ఊరూరా చెప్పించింది ఆంధ్ర మహాసభ, కమ్యూనిస్టులు. వాళ్లు నిలబడ్డది న్యాయం వైపు, దానికోసం ప్రాణాలిచ్చారు కూడా. 1951 ఆరంభంలో, ఆ పోరాటం ఏం చేయాలో తోచని స్థితికి వచ్చాక, చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య మరో ఇద్దరు నాయకులతో కలిసి రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిశారు. లెవీకి ఎదురు నిలిచినవాళ్లు సలహా అడిగిన మనిషి ఎవరో, ఆ బల్ల కింద నేలలో ఏముందో ఆనాడు వాళ్లకు తెలిసే వీలు లేదు. దీపం ఇంకా దించలేదు.

మూత తీసింది 1980ల చివర. పత్రాలు బయటికొచ్చాయి, పాత జనగణన అంకెలు బయటికొచ్చాయి, ముసలివాళ్లు నోరు విప్పారు. యాభై ఏళ్లు మూసి ఉన్న గాలి కదా, మొదట దిగినవాళ్లకు ఊపిరాడలేదు.

ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఏటా నవంబరు నాలుగో శనివారం సాయంత్రం నాలుగింటికి కిటికీల్లో కొవ్వొత్తులు పెడతారు. ఆకలితో పోయినవాళ్ల కోసం. చీకటి తొందరగా పడే కాలం, బయట మంచు. ఒక్కో కిటికీలో ఒక్కో దీపం. ఆరకుండా ఉందో లేదో చూసుకుంటూ లోపల ఎవరో కూర్చుంటారు.